మా ఆయన కూతకెళ్ళేవారు కాదు

పెళ్ళిచూపులకి ఆయన కనుబొమ్మ మీద ప్లాస్టరు అంటించుకుని వచ్చారు. రెండు మోచేతులూ చెక్కుకుపోయి, వాటి మీద టించరు రాసిన మరకలు. గుమ్మంలో నిలబడితే మా నూజివీడు ఇంటి ముందుగదిలో సగం వెలుతురు పోయింది. ఇంట్లో ఉన్న ఒక్క చేతుల కుర్చీ ఆయనకి వేశారు. అందులో పట్టక అంచు మీద కూర్చున్నారు, లేస్తే కుర్చీ కూడా తనతో పాటు లేస్తుందేమోనన్న భయంతో. నేను కాఫీ ఇచ్చినప్పుడు మొహం చూడలేదు, ఆ చేతులే చూశాను. గ్లాసు ఆ వేళ్ళ మధ్య ఉగ్గుగిన్నెలా ఉంది.

మా నాన్న స్కూలు మాస్టారు. మా చుట్టాల్లో మొదట పలక పట్టింది ఆయనే. మిగతావాళ్ళంతా మామిడితోటల్లోనూ పొలాల్లోనూ పనిచేసుకు బతికేవాళ్ళు. పెళ్ళికొడుకు తల్లి కూడా తోటల్లో కాయలు ఏరి గంపలకెత్తే మనిషే. మామిడి సొన పడి పడి ఆవిడ ముంజేతుల మీద నల్లటి మచ్చలు కట్టి ఉన్నాయి. కొడుక్కి మాత్రం కరెంటాఫీసులో ఉద్యోగం వచ్చింది. వచ్చింది చదువు వల్ల కాదు, కబడ్డీ వల్ల. మా నాన్నకి మింగుడుపడని సంగతి అదొక్కటే.

“ఆఫీసులో మీ పనేంటండీ?” అని అడిగారు.

“పొద్దున స్టోర్సులో ఉంటానండీ. సాయంత్రం ప్రాక్టీసు. టోర్నమెంట్లు ఉంటే ఆటే పనండీ.”

“అయితే పాయింట్లు బాగా తెస్తారన్నమాట.”

“లేదండీ. నేను కూతకెళ్ళను. పట్టుకునేవాణ్ణి.”

మా నాన్నకి ఆ తేడా తెలియదు. గోడకి ఆనుకుని కూర్చున్న మా నాన్నమ్మ, “పట్టుకున్నదాన్ని వదలకపోతే చాలు నాయనా,” అంది. గదిలో అందరూ నవ్వారు. ఆయన చెవుల దాకా ఎర్రబడిపోయారు. మొహం అప్పుడు చూశాను. అంత పెద్ద శరీరం మీద చిన్నపిల్లాడి సిగ్గు. ఆ రాత్రి మా అమ్మ అడిగితే సరేనన్నాను.

ఎనభైల మొదట్లో మాట ఇది. నూజివీడులోనే ఊరి చివర రెండు గదుల వాటా అద్దెకి తీసుకున్నాం, మా అత్తగారూ మేమూ. పెరడు దాటితే మామిడితోట. తోట మధ్యలో చెట్లు చచ్చిపోయి ఖాళీ పడ్డ జాగా ఒకటుండేది. ఆఫీసు జట్టంతా అక్కడే మట్టి తవ్వి, రాళ్ళు ఏరి, సున్నంతో గీతలు వేసుకుని ఆడేవాళ్ళు. సాయంత్రం నేను పొయ్యి ముట్టించేసరికి తోటలోంచి కూత వినిపించేది. వినడమే గానీ చూసిన పాపాన పోలేదు. కొత్తకోడలు మగవాళ్ళ ఆట దగ్గరికెళ్ళి నిలబడితే బావుండదని నా లెక్క.

నన్ను మొదటిసారి తీసుకెళ్ళింది మా అత్తగారే. జి. కొండూరు దగ్గర ఒక ఊళ్ళో ఎండాకాలం పోటీలు పెట్టారు. బస్సు దిగి, కుండతో మంచినీళ్ళు పట్టుకుని, ఆడవాళ్ళ వైపు ఒక గడ్డివాము నీడన చోటు చూసుకున్నాం. ఉంగుటూరు వైపు నుంచి వచ్చిన జట్టుతో ఆట.

మా జట్టులో కూతకెళ్ళే కుర్రాడు ఒకడుండేవాడు. ఈయనకన్నా నాలుగైదేళ్ళు చిన్న. కందికట్టెలా సన్నగా ఉండేవాడు. ఈయన్ని అన్నా అని పిలుస్తాడు కాబట్టి నాకు మరిది. జనం అతన్ని చూడ్డానికే వచ్చేవాళ్ళు. గీత దాటి అవతలికి వెళ్ళాడంటే పక్షి వాలినట్టే ఉండేది. ఒకణ్ణి వేలితో ముట్టుకుని, ఇంకొకడి చేతుల కిందనుంచి జారి, ఊపిరి తెగకుండా తిరిగొచ్చేవాడు. ఈలలు, కేకలు. నేనూ చప్పట్లు కొట్టాను.

ఈయన మాత్రం పక్కవాడి చెయ్యి పట్టుకుని, నడుం వంచి, ముందుకీ వెనక్కీ జరుగుతూ ఉన్నారు. మధ్యమధ్య అందరూ గుంపుగా కిందపడేవాళ్ళు. దుమ్ము సర్దుకున్నాక చూస్తే అందరికంటే అడుగున ఈయన. లేచి, నిక్కరు దులుపుకుని, మళ్ళీ తన చోటికి పోయి నిలబడేవారు. మా జట్టు గెలిచింది. మరిది మెడలో దండ వేశారు.

తిరుగు బస్సులో మొహమాటపడుతూనే అడిగాను. “ఏవండీ, ఇంతకీ మీరేం చేశారు?”

ముందు సీట్లో ఉన్న మా అత్తగారు కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. “ఒరేయ్, అడిగిందిరా మీ ఆవిడ! ఇన్నేళ్ళుగా నేనడుగుదామనుకుంటున్నదే అడిగింది!”

ఆయనకి కోపం రాలేదు. ఇంటికొచ్చి భోజనాలయ్యాక, అందరం తిన్న రసాల టెంకలు ఏడు కడిగి, అరుగు మీద పేర్చారు. ఎనిమిదో టెంక కూతకొచ్చినవాడు.

“ఇదిగో, ఈ మూలనున్నవాడు వాడి కాలు పట్టుకుంటాడు. కాలు పట్టినంత మాత్రాన వాడు ఆగడు. ఈడ్చుకుంటూ గీత దాకా పాకుతాడు. చెయ్యి గీతకి తగిలిందా, వాడు బతికినట్టే. అందుకని కాలు దొరికిన క్షణంలో రెండోవాడు వాడికీ గీతకీ మధ్య అడ్డం పడాలి. ఛాతీతో ఆపాలి. ఆ రెండోవాణ్ణి నేను.”

“కాలు పట్టినవాడి పేరే కదండీ మైకులో చెప్పారు?”

“అవును. వాడే కదా పట్టింది.”

“మీరు వెళ్ళకపోతే ఏమవుతుంది?”

“కాలు పట్టినవాడొక్కడే అవుటవుతాడు. నేను మిగులుతాను.”

“వెళ్తే?”

“ఆపగలిగానా, వాడు అవుట్. ఆపలేకపోయానా, ఇద్దరం అవుట్.”

“మరి ఎందుకెళ్తారు?”

ఆ ప్రశ్న ఆయనకి అర్థం కాలేదు. నా వైపు చూసి, “వాడు కాలు పట్టుకున్నాడు కదోయ్!” అన్నారు.

ఇంకో సంగతి కూడా ఆ పూటే చెప్పారు. అవుటైనవాడు గీత బయట కూర్చోవాలి. తనవాళ్ళు అవతలివాణ్ణి ఒకణ్ణి పడితే, అప్పుడతను లేచి మళ్ళీ లోపలికొస్తాడు. అంటే బయట కూర్చున్న మరిదిని లేపాలంటే ఈయన ఇక్కడ కిందపడాలి. అంతవరకూ నేను ఆటంటే వెళ్ళి ముట్టుకురావడమనే అనుకున్నాను.

అప్పట్నుంచి ఎక్కడ ఆటైనా వెళ్ళేదాన్ని, ఈయన్ని తప్ప ఇంకెవర్నీ చూసేదాన్ని కాదు. అలా చూస్తే వేరే ఆట కనిపిస్తుంది. కూతకొచ్చినవాడి కాళ్ళు ఎన్ని వేషాలు వేసినా ఈయన చూపు వాడి నడుం మీదే ఉండేది. పట్టుకున్న చెయ్యి నొక్కి పక్కవాడికి ఏదో చెప్పేవారు. మూలనున్నవాడు దూకకముందే ఈయన భుజం ఆ వైపు తిరిగేది. నా పక్కన ఆడవాళ్ళు మరిది కోసం అరుస్తుంటే నేను, “అదిగో వెళ్తున్నారు, అదిగో వెళ్తున్నారు,” అని గొణుక్కునేదాన్ని.

ఇంటికొచ్చాక నాకు వేరే డ్యూటీ. దెబ్బ తగిలిన చోట ఉప్పుకాపడం, బెణికిన చోట పసుపూ సున్నం కలిపి పట్టు. మా అత్తగారికి ఒక భుజం, నాకు ఒక భుజం. ఆవిడ కాపడం పెడుతూ తిట్టేది, నేను మాట్లాడకుండా పెట్టేదాన్ని. “ఇద్దరిలో ఎవరిది బాగా పనిచేస్తుంది?” అని మా అత్తగారు అడిగితే ఆయన నిద్ర నటించేవారు.

ఇక బరువు గొడవ. పెద్ద పోటీల్లో ఆడాలంటే మనిషి ఎనభై కేజీలు దాటకూడదు. ముందు తూచి, తర్వాతే ఆడనిస్తారు. మామూలు రోజుల్లో ఈయన ఎనభైకి అటూ ఇటూ ఊగుతుండేవారు. నూజివీడులో పుట్టినవాడికి ఎండాకాలం మామూలు రోజులు కావు కదా. అటకల మీద, మంచాల కింద, గడ్డిలో మాగుతున్న రసాలు. గది తలుపు తీస్తే వాసన మీద పడుతుంది. మా అత్తగారు రోజూ పైటకొంగు నిండా రాలుకాయలో మిగులుకాయలో తెచ్చేది. “ఒక్కటి తిను నాయనా, ఒక్కదానికి ఏం బరువొస్తావు!” అనేది. ఈయన ఒక్కటి తినే రకం కాదు. చిన్న రసం చేతిలో నలిపి, తొడిమ తీసి నోట్లో పెట్టుకుంటే ఇక ఆపడం నా వల్లా అయ్యేది కాదు.

రాష్ట్రంలోని ఆఫీసుల జట్లన్నిటికీ పెద్ద పోటీ విజయవాడలో పెట్టారు ఒక ఏడాది. సరిగ్గా రసాలు దిగే వేళ. ఈయన రోజూ పొద్దున్నే కాయలు తూచే కాటా దగ్గరికెళ్ళి, గంపలు దింపించి, దాని మీద ఎక్కి నిలబడేవారు. కాటా దగ్గరున్న ముసలాయన, “మూడు కాయలు ఎక్కువున్నారండీ ఇవాళ,” అనేవాడు. కేజీలు చెప్పేవాడు కాదు, కాయల్లోనే చెప్పేవాడు.

ఇక మా ఇంట్లో ఉపవాసం మొదలైంది. మంచి ఎండలో ఉన్ని స్వెట్టరు తొడుక్కుని తోట చుట్టూ పరిగెత్తేవారు. కాయలు కోసే కూలీలు చిక్కాల గడలు దింపి మరీ చూసేవాళ్ళు. ఈయన తినకపోతే నేనెలా తింటాను? తినకుండా ఎలా ఉంటాను? పెరట్లో నీళ్ళకాగు వెనక చేరి, చేతులు సబ్బుతో కడుక్కుని, పుదీనా నమిలి లోపలికొచ్చేదాన్ని. రెండో రోజే దొరికిపోయాను.

“పెద్ద రసమా, చిన్న రసమా?” అన్నారు, కళ్ళు మూసుకుని పడుకునే.

“ఏంటండీ?”

“చిన్న రసమే. ఇంకోటి తెచ్చుకుని ఇక్కడే కూర్చుని తిను. నేను వాసన చూస్తాను.”

తెచ్చుకున్నాను. తింటుంటే నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం సినిమా చూస్తున్నట్టు చూస్తూ, “టెంక దగ్గర వదిలేస్తున్నావు,” అని తప్పులు పట్టారు. తూచిన రోజున ఎనభైకి కాస్త తక్కువే వచ్చారు. మొహం పీక్కుపోయి, పెళ్ళిచూపుల్లో ఉన్న బుగ్గలు లేవు.

ఆ పోటీలో ఆఖరి ఆట దాకా వెళ్ళారు. నేనూ మా అత్తగారూ విజయవాడ వెళ్ళాం. పొడుగాటి బెంచీల మీద జనం కిక్కిరిసి ఉన్నారు. ఆఖరి నిమిషాల్లో మా వాళ్ళు వెనకబడ్డారు. మరిది అవుటై, గీత బయట మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. లోపల మా వాళ్ళు నలుగురే. అవతలి జట్టు నుంచి కూతకొచ్చినవాడు ఎద్దులాంటి మనిషి. అంతకుముందు రెండుసార్లు ముగ్గురేసి మనుషుల్ని ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

మూలనున్నవాడు కాలు పట్టాడు. కూతకొచ్చినవాడు ఆగలేదు, విదిలించుకుంటూ గీత వైపు తిరిగాడు. ఈయన నిలబడ్డ చోటు నుంచి చాలా దూరం. అందదని నాకే తెలుస్తోంది. చూడ్డం నేర్చుకున్నాను కదా. భుజం తిప్పుకునే వ్యవధి లేదు, ఛాతీ అడ్డం పెట్టే వీలు లేదు. అయినా వెళ్ళారు. ఒంటికాలి మీద పక్కకి పడుతూ అడ్డం దూకారు. ఆ మనిషి బరువంతా ఈయన మోకాలి మీద పడింది. మా అత్తగారు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. విజిల్ వేసేదాకా ఈయన వదల్లేదు.

అవతలివాడు అవుట్. మరిది లేచాడు. ఆ తర్వాత కూత అతనిదే. వెళ్ళి ఇద్దర్ని ముట్టుకొచ్చాడు. మా వాళ్ళు గెలిచారు. జనం గీతలు దాటి పరిగెత్తుకొచ్చి మరిదిని భుజాల మీదకెత్తారు. అతను ఆ భుజాల మీద నుంచి అటూ ఇటూ వెతుక్కుని, ఒక్కసారిగా కిందికి దూకి, జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఈయన ఇంకా మట్టిలోనే ఉన్నారు, కాలు చాపుకుని.

“అన్నా, లే. గెలిచాం.”

“తెలుసురా. నువ్వెళ్ళు. దండ వేస్తారంట.”

“లే అన్నా!”

“లేవడం లేదురా కాలు,” అన్నారు, ఎవరిదో కాలు గురించి చెబుతున్నట్టు.

డాక్టరు చాలాసేపు మోకాలు అటూ ఇటూ తిప్పి చూశాడు. కట్టు కట్టాక నెమ్మదిగా చెప్పాడు. “నడక వస్తుంది. కొన్నాళ్ళకి పరుగు కూడా రావచ్చు. కానీ మీదకొచ్చే మనిషిని ఆపడం ఇక కుదరదండీ. ఆట మానెయ్యాలి.”

ఈయన ఆలోచించి అడిగారు. “ఎంత బరువు వరకూ ఆపచ్చండీ?”

డాక్టరు నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఇంటికొచ్చేసరికి ఇంకా రసాల కాలం అయిపోలేదు. మా అత్తగారు మంచివి ఏరి పళ్ళెం నిండా తెచ్చి మంచం పక్కన పెట్టింది. ఇక ఎవరూ తూచరు. ఈయన ఒకటి తిన్నారు. నెమ్మదిగా, మర్యాదగా, ఎవరింటికో చుట్టపుచూపుగా వెళ్ళినట్టు తిన్నారు. “చాలమ్మా,” అని చేతులు కడుక్కున్నారు. పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిన మా అత్తగారు చాలాసేపు బయటికి రాలేదు.

తర్వాతి పోటీకి జట్టు ఈయన లేకుండా వెళ్ళి, మొదటి రోజే ఓడి తిరిగొచ్చింది. మరిది తిన్నగా మా ఇంటికొచ్చాడు, బస్టాండు నుంచి సంచీతోనే. అరుగు మీద నాకెదురుగా కూర్చున్నాడు. ఈయన లోపల మంచం మీద ఉన్నారు, వింటూనే ఉన్నారు.

“వదినా, నేను ఎప్పటిలాగే ఆడాను,” అన్నాడు. “ఆడాను అంటే... ఒకసారి దొరికాను. అందరం దొరుకుతాం. బయటికొచ్చి కూర్చున్నాను. ఇక చూడు, లేపేవాడు లేడు. ఆట సగం బయటే కూర్చున్నాను. ఇన్నేళ్ళూ నేను ఇట్టే లేచేవాణ్ణి కదా, అదంతా ఆటలో భాగం అనుకున్నాను. అన్న లేపుతున్నాడనుకోలేదు.”

లోపల్నుంచి గొంతు. “ఒరేయ్, మూలనున్నవాడు ముందే దూకేస్తున్నాడు. వాడికి చెప్పావా?”

“నువ్వే చెప్పన్నా వచ్చి!”

మర్నాడు కర్ర పట్టుకుని వెళ్ళి చెప్పొచ్చారు. అంతటితో ఊరుకుంటే బావుండేది. ఏడాది తిరిగేసరికి మోకాలికి బిగుతు తొడుగు వేసుకుని, నాకు చెప్పకుండా ప్రాక్టీసు మొదలెట్టారు. తెలిసి గొడవపెట్టాను. పెళ్ళయ్యాక మా ఇద్దరికీ జరిగిన పెద్ద గొడవ అదొక్కటే. ఆయన అంతా విని, “ఒక్క ఆట,” అన్నారు. పక్క ఊళ్ళో స్నేహానికి ఆడే ఆట, పోటీ కాదు. నన్నూ రమ్మన్నారు.

వెళ్ళాను. మొదటి సగంలో ఆయనకి పనే పడలేదు. రెండో సగంలో పడింది. మూలనున్నవాడు కాలు పట్టాడు, ఈయన వెళ్ళారు, ఆపారు. చక్కగా, పాతరోజుల్లోలాగే, ఛాతీ అడ్డంపెట్టి ఆపారు. జనం చప్పట్లు కొడుతుంటే లేచి నిలబడ్డారు. తన చోటికి వెళ్ళలేదు. రెండడుగులు వేసి, ఆగి, మోకాలి వైపు ఒకసారి చూసుకుని, రిఫరీకి చెయ్యెత్తి చూపించారు. తనంతట తనే గీత దాటి బయటికొచ్చేశారు. మరిది ఆట మధ్యలో అటు తిరిగి నిలబడిపోయాడు.

నా దగ్గరికొచ్చి, “నీళ్ళున్నాయా?” అన్నారు.

ఇచ్చాను. చెంబెడు నీళ్ళూ తాగి, తొడుగు విప్పి నా సంచీలో వేశారు. “ఆగింది గానీ, ఆపింది నేను కాదు. వాడే మెల్లగా వచ్చాడు. నా కాలు సంగతి తెలిసి వచ్చాడు,” అన్నారు. ఆయనకి అక్కర్లేనిది ఆ దయ. మళ్ళీ బరి మీద అడుగుపెట్టలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలు ఆయనతో ఉండటం కష్టమైంది. కోపిష్టి అని కాదు. సాయంత్రమయ్యేసరికి ఒంట్లో ఏదో తోచక, పెరట్లో మంచం అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు జరుపుకునేవారు. కూత వినపడే వైపు పెట్టుకుంటే బాధ, వినపడకపోతే ఇంకా బాధ.

ఒక మధ్యాహ్నం తోటలో కాయలు ఏరే ఆడపిల్లలు అన్నాలు తిని, ఖాళీ జాగాలో కబడ్డీ ఆడుకుంటున్నారు. పదహారు, పద్దెనిమిదేళ్ళ పిల్లలు. ఓణీలు నడుముకి చుట్టి, ఒకరి జడలు ఒకరు లాగుతూ, నవ్వుతూ ఆడుతున్నారు. మా అత్తగారు చెట్టు కింద కూర్చుని కాపలా. ఈయన ఆఫీసుకి సెలవు పెట్టిన రోజది. మంచం మీద నుంచి చూస్తూ చూస్తూ ఉండబట్టలేక అరిచారు.

“కాలు పట్టింది కదే! రెండో అమ్మాయి అడ్డం వెళ్ళాలి! నవ్వుతూ నిలబడతారేంటి?”

పిల్లలు ఉలిక్కిపడి ఆగిపోయారు. వాళ్ళలో గట్టి పిల్ల ఒకత్తి, “ఎలా వెళ్ళాలో వచ్చి చూపించండి మావయ్యగారూ!” అంది.

కర్ర తీసుకుని వెళ్ళారు. అదే మొదలు.

వాళ్ళమ్మలు మొదట్లో గొడవ చేశారు. ఆడపిల్ల మోకాళ్ళు చెక్కుకుంటే రేపు ఎవరు చేసుకుంటారని ఒకావిడ మా గుమ్మంలోకే వచ్చింది. మా అత్తగారు గంప దించి, నడుం మీద చేతులు పెట్టుకుని, “నా కొడుకు మొహం పగలగొట్టుకుని వెళ్తే మాస్టారు పిల్లనివ్వలేదా? ఇదిగో, చూసుకో,” అని నన్ను చూపించింది. నవ్వాను. ఆవిడ కూడా నవ్వి, కూతుర్ని మర్నాడు పంపింది.

ఆయన నేర్పేది పట్టు. కూతకెళ్ళడం ఆయనకి రాదు, వచ్చినా కాలు సహకరించదు. మరిది ఆదివారాలు వచ్చి నేర్పేవాడు. మిగతా రోజుల్లో పిల్లలు పట్టు నేర్చుకోవాలంటే ఎవరో ఒకరు కూతకి రావాలి కదా. ఒకరోజు ఆయన నా వైపు తిరిగారు.

“నువ్వు వెళ్ళవోయ్.”

“నేనా!”

“వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పట్టుకోవడానికి మొహమాటపడుతున్నారు. నువ్వైతే కొత్త.”

మాస్టారి కూతుర్ని. బియ్యంలో రాళ్ళేరడం, పద్యాలు అప్పజెప్పడం తప్ప ఒళ్ళు వంచి ఆడింది లేదు. కొంగు బిగించి, గాజులు తీసి మా అత్తగారికిచ్చి, గీత దాటాను. కబడ్డీ కబడ్డీ అని నాలుగుసార్లు అనేసరికే గొంతు ఎండిపోయింది. ఒక పిల్ల నా చీలమండ పట్టుకుంది. వెనక్కి తిరిగి గీత వైపు ఒక్క అంగ వేశాను. అప్పుడు ఎదురుగా ఆ గట్టి పిల్ల వచ్చి నిలబడింది. వచ్చి తగిలింది అనాలి. నా ఛాతీకి దాని ఛాతీ. దాని గుండె దడదడ కొట్టుకోవడం నాకు తెలిసింది. నేను పడిపోకుండా వీపు చుట్టూ చేతులు వేసింది, గీత దాకా పోనివ్వకుండా అక్కడే నిలబడిపోయింది. ఇద్దరం కలిసి మట్టిలో కూలబడ్డాం.

అన్నేళ్ళు చూశాను గానీ, అంత దగ్గరి ఆట అని నాకు తెలియదు. దూరం నుంచి చూస్తే గుద్దుకోవడంలా ఉంటుంది. లోపల కౌగిలింతలా ఉంటుంది. లేచి దుమ్ము దులుపుకుంటుంటే మా అత్తగారు ఒకటే నవ్వు. ఈయన మాత్రం చాలా గంభీరంగా, “తల పక్కకి పెట్టలేదమ్మా. తల పక్కకి పెట్టకపోతే కనుబొమ్మ పగులుతుంది,” అని ఆ పిల్లకి చెబుతున్నారు. నా కనుబొమ్మ సంగతి అడగలేదు.

ఆ దశకం చివరికొచ్చేసరికి మా తోట పిల్లలు ఒక జట్టయ్యారు. పనులు లేని రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళకెళ్ళి ఆడేవాళ్ళు. చింతలపూడిలో ఆడపిల్లల పోటీలు పెట్టారని తెలిసి, కాయల లారీ ఒకటి ఖాళీగా వెళ్తుంటే బతిమాలి ఎక్కాం. పిల్లలూ, ఆయనా, నేనూ, మా అత్తగారూ. పొద్దున్నే వెళ్ళి, రెండు ఆటలు గెలిచి, మూడోది చిత్తుగా ఓడాం. అవతలివాళ్ళు కాలేజీ పిల్లలు, బూట్లు వేసుకుని ఆడారు. మా పిల్లలకి ఎక్కడా భయం లేదు. గీత దగ్గర ఒకరి వెనక ఒకరు పడుతూనే ఉన్నారు, లేస్తూనే ఉన్నారు.

సాయంత్రం అదే లారీలో తిరిగొస్తున్నాం. వాన మబ్బు పట్టి గాలి చల్లగా ఉంది. పిల్లలు గడ్డి మీద గుంపుగా కూర్చుని తగువులాడుకుంటున్నారు. నువ్వు ఆలస్యంగా వచ్చావంటే నువ్వు ముందే దూకావని. మా అత్తగారు ఇద్దరికీ తప్పులు పంచిపెడుతోంది. ఆయన ఏమైనా అంటారేమోనని చూశాను. కాలు చాపుకుని, లారీ గోడకి ఆనుకుని, వాళ్ళ వాదన వింటూ చిన్నగా నవ్వుకుంటున్నారు. ఒక గతుకులో లారీ ఊగింది. ఆయన తల నా భుజం మీదకి వాలింది. నిద్రపోయారు. పదిమందిలో నా పక్కన దగ్గరగా కూర్చోవడానికే సిగ్గుపడే మనిషి, నోరు కొంచెం తెరుచుకుని, గురక పెడుతూ నిద్రపోయారు.

మొదట చూసింది ఆ గట్టి పిల్లే. పక్కదాని మోచేతిని పొడిచింది. వరసగా అందరూ చూశారు. నా చెవులు వేడెక్కాయి గానీ కదల్లేదు. భుజం తిమ్మిరెక్కినా కదల్లేదు. పిల్లలు తగువు ఆపలేదు, గొంతులు మాత్రం తగ్గించి, గుసగుసగా తిట్టుకుంటూ నూజివీడు దాకా వచ్చారు.